తులసికోట చెంత మార్జాలము

శ్రీవైష్ణవుల యింట తులసికోట వద్దనే తెల్లవారును. గృహిణి స్నానమాడి, కోట చుట్టును నీరు చల్లి, ముగ్గు పెట్టి, చెంబుతో నీరు పోసి ప్రదక్షిణము చేయును. పిమ్మట గృహస్థుడు దళములు కోసికొని తిరువారాధనమునకు కూర్చుండును. ఆ పెరటి మట్టి వారికి కేవలము మట్టి కాదు. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారులకు గోదాదేవి లభించినది తులసి మొదటి మట్టిలోనే కదా!

అట్టి పెరటిలో ఒకనాటి యుదయమున కోట చుట్టునున్న పాదులు గోళ్లతో తవ్వబడి, ఆ మట్టిలో పిల్లి మలము కనబడినచో ఆ యింటివారి మనస్సు ఎట్లుండును? ఒకనాడు గాక వరుసగా పది దినములు అట్లే జరిగినచో వారేమి చేయవలెను? ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని ధర్మసంకటములు రాజ్యముల విషయమున మాత్రమే కలుగవు, పెరటిలోను కలుగును.

ఇట్టి కుటుంబము నొకదానిని తలచుకొనవచ్చును. గృహస్థుడు నిత్యారాధనపరుడు. కోడలు గర్భవతి. పిల్లి మలమువలన గర్భిణులకు కీడు కలుగవచ్చునని వైద్యుడు హెచ్చరించియున్నాడు. కావున ఆ గృహస్థుని కోపము శుచిత్వాభిమానమువలన మాత్రమే కలిగినది కాదు. దానిలో భయమును ఉన్నది. అతడు దుడ్డుకర్ర తీసికొని తెల్లవారుజామున కాచి కూర్చుండెను. కుమారుడు ఫినాయిలు సీసాయు, కలరా ఉండల పొట్లమును తెచ్చెను. పొరుగింటివాడు వచ్చి గోనెసంచిలో వేసి ఏటి ఆవల విడిచి రమ్మనెను. వృద్ధురాలగు తల్లి మాత్రము, “నాయనా, పిల్లిని చంపిన పాపము గుడి కట్టినను పోదందురు” అనెను. అప్పుడు కోడలు మెల్లగా, “మామగారూ, అది మన కట్టెల గదిలోనే పిల్లలను పెట్టినది. అవి యింకను కండ్లు తెరువలేదు” అని చెప్పెను.

గృహస్థుని చేతిలోని కర్ర అట్లే నిలిచిపోయెను. ఆరాధన శుద్ధికై ఒక ప్రాణిని బాధించుట ధర్మమా? బాధింపరాదని ఆరాధనస్థలమును మలినము కానిచ్చుట ధర్మమా? ప్రశ్న యిదియే.

ముందుగా పిల్లిని గూర్చి పెద్దలేమి తలచిరో చూడవలెను. దానికి అపకీర్తియే ఎక్కువ. కపట ధార్మికునకు స్మృతులలో బైడాలవ్రతికుడని పేరు. మామల్లపురమున ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పులు గొప్ప తపస్సు చెక్కిన శిలపై చేతులెత్తి తపస్సు చేయు పిల్లిని, దాని పాదముల చెంత ఎలుకలను చూపిరి. భారతమున ఉద్యోగపర్వములో ధర్మరాజును నిందించుటకై దుర్యోధనుడు చెప్పి పంపినది దొంగతపస్సు చేసిన పిల్లి కథయే. అయినను ఆ భారతముననే శాంతిపర్వములో భీష్ముడు లోమశమను పిల్లి, పలితుడను ఎలుక పరస్పరము ప్రాణములు కాపాడుకొన్న కథను చెప్పెను. శ్రీవైష్ణవాచార్యులు శరణాగతిని వివరించుచు రెండు ఉపమానములను గ్రహించిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూన ఏమియు చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని పోవును. వడగలై, తెంగలై సంప్రదాయముల భేదమును చెప్పునపుడు ఈ మర్కటకిశోర, మార్జారకిశోర న్యాయములను తలచుట పరిపాటి. ఎలుకను పట్టు పండ్లతోనే పిల్లి తన కూనను గాయము తగులకుండ మోయుచున్నది. భగవంతుని నిర్హేతుక కృపకు ఆచార్యులు ఏ ప్రాణిని ఉపమానముగా చూపిరో ఆ ప్రాణియే తన కట్టెల గదిలో కూనలను కాచుకొనుచుండగా భక్తుడు కర్ర యెత్తుట ఎంత వింత!

మరియొక సంగతి. పిల్లి తులసి పాదును ఏల ఎంచుకొనును? తులసిపై దానికి ద్వేషము లేదు. తన మలమును మట్టిలో కప్పిపెట్టుట దాని స్వభావము. అందులకు పొడిగా, మెత్తగా గుల్లగానున్న మట్టి కావలెను. గృహిణి గునపముతో తవ్వి, గడ్డలు చిదిపి, రాళ్లేరి సిద్ధపరచిన పాదు దానికి అన్నిటికంటె శుభ్రమైన చోటుగా తోచును. అనగా ఆ పెరటిలో శౌచమునకును అశౌచమునకును పోరు జరుగుటలేదు. మనుష్యుని శౌచమును, మార్జాలమునకు పుట్టుకతో వచ్చిన శౌచమును ఒకే గజము నేలపై కలిసినవి. ఈ యెరుక కలిగినచో కోపము సగము చల్లారును. తెలియక చేసిన దానిని తప్పనవచ్చును గాని నేరమనరాదు.

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము నుపదేశించుచు, లేళ్లు, ఒంటెలు, గాడిదలు, కోతులు, ఎలుకలు, పాములు, పక్షులు, ఈగలను సైతము తన బిడ్డలవలె చూడవలెననెను. వానికిని తన బిడ్డలకును అంతరమెంత యని ప్రశ్నించెను. అందు చెప్పబడినవి సాధు ప్రాణులు మాత్రమే కావు. ఇంట చేరి చీకాకు పెట్టునవియు కలవు. తృతీయస్కంధమున కపిలమహర్షి దేవహూతికి మరింత కఠినముగా చెప్పెను. సర్వభూతములందున్న తన్ను అలక్ష్యము చేసి అర్చామూర్తిని మాత్రము పూజించువాడు బూడిదలో హోమము చేయువాడని ఆయన యభిప్రాయము. ఆయన అర్చను నిరాకరింపలేదు. అర్చ చేయువాని చూపు గర్భాలయము వద్దనే ఆగిపోరాదనెను.

తిరుమల తోటను పెంచిన అనంతాళ్వారుల చరిత్రలో ఈ విషయమునకు రెండు నిదర్శనములు కలవు. రామానుజాచార్యుల యాజ్ఞచే కొండపై పుష్పకైంకర్యమునకు పూనుకొని ఆయన చెరువు త్రవ్వుచుండెను. గర్భవతియగు భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయము చేయబోగా ఈ సేవ తమదేయని ఆయన వారించెను. బాలుడు మాట వినక ఆ తల్లి గంప నందుకొనెను. ఆళ్వారులు కోపించి గడ్డపార విసరగా బాలుని గడ్డమునకు గాయమయ్యెను. పిదప చూడగా శ్రీవారి విగ్రహమునకే గడ్డమున రక్తము కారుచుండెనని సంప్రదాయము. స్వామి చుబుకమున పచ్చకర్పూరము పెట్టుట అందువలననే. ఆ గడ్డపారను మహాద్వారము వద్ద యాత్రికులు నేటికిని చూచుచున్నారు. సేవాభిమానముతో విసరిన ఆయుధము సేవింపబడు స్వామినే తాకినది!

ఆ అనంతాళ్వారులే ఒకమారు కొండ దిగి పోవుచు ప్రసాదపు మూట విప్పగా చీమలు కనబడెనట. శ్రీనివాసుని కొండపై ఏదో యొక రూపమున ఉండవలెనని కులశేఖరాళ్వారులవంటి మహనీయులు కోరియుండగా, ఈ చీమలను కొండనుండి వేరుచేయరాదని ఆయన మూటను మరల పైకి చేర్చెనని పెద్దలు చెప్పుదురు. కొండనుండి చీమను దూరము చేయుటకు వెరచినవారి మార్గమున నడచువారు, కండ్లు తెరువని కూనలనుండి తల్లిని దూరము చేయుటకు వెరవవలదా?

అయినచో మాలిన్యమును సహించి యూరకుండవలెనా? అక్కరలేదు. నేల శుద్ధికి మనువు ఐదు ఉపాయములు చెప్పెను: ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, గీకి మట్టి తీసివేయుట, గోవులను నివసింపజేయుట. ఆ మనుస్మృతియే పదునొకండవ అధ్యాయమున పిల్లిని, ముంగిసను, కప్పను, కుక్కను చంపుటను ప్రాయశ్చిత్తము చేసికొనవలసిన పాపములలో చేర్చినది. తారతమ్యము స్పష్టము. నేలకంటిన మలినము చీపురుతోను నీటితోను పోవును. మనస్సునకంటిన క్రౌర్యము అంత సులభముగా పోదు. సులభముగా పోవు దానికై పోని దానిని తెచ్చుకొనుట వివేకము కాదు.

కావున గృహస్థుడు చేయవలసినవి రెండు: మలినమును తొలగించుట, పిల్లికి ఆ చోటుపై ఆశ లేకుండ చేయుట. తులసి మొదట గులకరాళ్లు దగ్గర దగ్గరగా పరచినచో గోకుటకు వీలుండదు. క్రొత్త పాదులలో మొన లేని పుల్లలను జానెడులోపు ఎడముతో నాటవచ్చును. ముండ్లును, గాజుపెంకులును పనికిరావు. పిల్లి తడినేలను ఇష్టపడదు గనుక సాయంకాలము కొంచెము నీరు చల్లవచ్చును. తులసి వేరు కుళ్లునంతగా మాత్రము కాదు. పెరటి దూరపు మూలలో నీడపట్టున ఒక గుంటలో పొడి యిసుక పోసి, అది విడిచిన దానినే కొంచెము అందు వేసినచో వాసన పట్టి తన చోటు అదియని గ్రహించును. దారి మూసినవాడు వేరొక దారి చూపవలెను.

ఫినాయిలును కలరా ఉండలను వాడరాదు. పిల్లి తన పాదములను నాకి శుభ్రపరచుకొనును. ఫినాయిలు వంటి పదార్థములను విరిచివేయు శక్తి దాని కాలేయమునకు చాలదు. మనుష్యునకు శుభ్రతగా తోచునది దానికి విషమగును. కారము చల్లుటయు హింసయే. ఇక సంచిలో వేసి విడిచి వచ్చుటలో కర్ర లేదు, రక్తము లేదు. అందుచే అది దయగా భ్రమింపజేయును. కూనలకు కండ్లు తెరచుటకే వారము పది దినములు పట్టును. తల్లి పోయినచో అవి ఆకలితో చచ్చును. చూడని చోట జరిగినంత మాత్రమున హింస అహింస కాదు.

గర్భిణుల విషయమున వైద్యుని మాట సత్యమే. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలమున ఉండును. అది అన్ని పిల్లులలోను, అన్నివేళలను ఉండదు. మలము విడువబడిన పిదప ఒకటి మొదలు ఐదు దినములలో అది వ్యాధి కలిగింపగలదగును. కావున ప్రతిదినము తీసివేయుటయే మంచి రక్ష. గర్భిణి ఆ పనికి పూనుకొనరాదు. తోటపని చేయునపుడు చేతులకు తొడుగులు వేసికొనవలెను. తులసీదళములను చక్కగా కడిగిన పిదపనే తీర్థమున వేయవలెను.

ఇంకొక ధర్మసూక్ష్మము కలదు. వీధిలో ఎవరో పుణ్యమునకై పిల్లికి పాలు పోయుదురు. అది పొరుగువారి పెరటిలో మలవిసర్జన చేయును. ఒకరికి పుణ్యము, ఒకరికి చాకిరి! భూతయజ్ఞము చేయువాడు ఫలమును మాత్రమే గాక భారమును గూడ గ్రహింపవలెను. పిల్లి తొమ్మిది వారములు గర్భము మోసి, ఏట రెండు మూడు మార్లు కూనలను పెట్టగలదు. వానిలో అనేకము ఆకలితోను వ్యాధులతోను నశించును. నేడు పశువైద్యులు మత్తుమందిచ్చి సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయుచున్నారు. కూనలు పాలు మానిన పిదప పాలు పోయువారును, పెరడు గలవారును కలిసి దానిని చేయించుట ఉచితము. ఇది హింస కాదాయని కొందరడుగుదురు. కొద్దిపాటి బాధతో అనేక దుర్మరణములను వారించుట ఆ కూనలపట్ల దయయే.

దేశశాసనమును ధర్మమునకు తోడుగానే ఉన్నది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రారంభించిన కృషికి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. జంతువును కొట్టుట, హానికరమగు పదార్థము నిచ్చుట దానిచే నేరము. 1976లో రాజ్యాంగమునకు జరిగిన 42వ సవరణ ప్రాణులయెడ దయ చూపుటను పౌరుని ప్రాథమిక విధులలో చేర్చినది. అయినను శాసనభయముచే కర్ర దించుటకంటె కోడలి మాట విని దించుట మేలు.

ఆ గృహస్థుడు కర్రను గోడకు ఆనించెను. ఫినాయిలు సీసా అంగడికి మరలిపోయెను. మరునాడు పెరటి మూల ఇసుకగుంట వెలసెను. వారము వరకు పిల్లి పాత చోటికే వచ్చుచుండెను. కోడలు దూరముననుండగా గృహస్థుడే చేట, పార తీసికొని మట్టి గీకి, క్రొత్తమట్టి పోసి, గోమయముతో అలికి, స్నానముచేసి పూజకు కూర్చుండెను. మొదట అది ఆయనకు చాకిరిగా తోచెను. ఒకనాడు మట్టితట్ట ఎత్తునపుడు కొండపై అనంతాళ్వారుల దంపతులు మోసినదియు మట్టియే కదాయని స్ఫురించెను. ఆనాటినుండి ఆ పని ఆయన ఆరాధనలో చివరిది గాక మొదటిది ఆయెను.