నెగడు ముందు చోటు



నర్సంపేట నుంచి ఖానాపురం మీదుగా పాకాలకు పోయే దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇప్పుడు కారులో కూర్చుంటే జపమాల ముగిసేలోగా చెరువు కట్ట చేరుకుంటాం. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువది. దాని మత్తడి నీళ్లే వాగై, మున్నేరై ఖమ్మం దాకా సాగిపోతాయి. ముప్పై ఏళ్ల క్రితం ఆ దారిలో నేను సైకిలుతో సహా వానలో చిక్కుకుపోయిన రోజును గురించి చాలా ప్రసంగాలలో చెప్పాను. విన్నవారు క్షమించాలి. ఆ కథకు రెండో సగం ఒకటి ఉంది. దానిని పాపసంకీర్తనంలో తప్ప మరెక్కడా చెప్పలేదు. ఈ వారం రెండూ కలిపి రాస్తున్నాను.

అది 1993 ఆగస్టు. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం ముగించుకొని, దైవశాస్త్రం మొదలుపెట్టేముందు ఒక సంవత్సరం విచారణ సేవ కోసం నేను నర్సంపేట ప్రాంతానికి వచ్చాను. అందరూ ‘బ్రదరుగారు’ అని పిలిచేవారు. దేవుడున్నాడని పునీత తోమాసు అక్వినాసుగారు చూపిన ఐదు మార్గాలూ నాకు కంఠస్థం. సైకిలు చైను ఊడితే ఎక్కించడం మాత్రం వచ్చేది కాదు.

గ్రామాలు తిరిగి రావడాన్ని ఆ రోజుల్లో మేము ‘టూరు’ అనేవాళ్లం. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడిన తొలినాళ్లలో పిమే సభ గురువులూ, వారితోపాటు మన ఉపదేశులూ నడిచీ, ఎడ్లబండ్ల మీదా, సైకిళ్ల మీదా టూరు చేసినవారే. ఆ వరుసలో చివరివాణ్ణి నేనని కొంచెం గర్వం కూడా ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం క్యారియరుకు జ్ఞానోపదేశ పుస్తకాల సంచి కట్టుకొని, దానిపై ప్లాస్టిక్ కవరు కప్పి బయలుదేరాను. ఖానాపురం దాటి, రోడ్డు వదిలి, బండ్లబాట పట్టిన తరువాత వాన అందుకుంది. మామూలు వాన కాదు, ఎదురుగా ఉన్న చెట్టు కనిపించని వాన. నేను వెళ్లవలసిన తండాకు ముందు ఒక వాగు ఉంది. దగ్గరికి పోయేసరికి ఎర్రనీళ్లు ఒడ్డు ఒరుసుకొని పారుతున్నాయి. వెనక్కి తిరిగాను. బంకమట్టి మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య ఇరుక్కొని చక్రం తిరగడం మానేసింది. చైను ఊడింది. సైకిలు మీద నేను పోవలసింది పోయి, సైకిలు నా భుజం మీద ప్రయాణం చేసింది. చీకటి పడింది. దారి తప్పాను.

ఎంతసేపు నడిచానో తెలియదు. కుక్కలు మొరిగాయి. తడికె సందులోంచి లాంతరు వెలుగు కనిపించింది. అది వేరే తండా, నాకు ఒక్కరూ తెలియదు. నేను పిలవకముందే ఒక ముసలమ్మ తడికె జరిపి, నన్నూ సైకిలునూ ఒకసారి చూసి, “లోపటికి రా బిడ్డా, సైకిలు గూడ లోపట వెట్టు” అన్నది.

ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడగలేదు. లోపల ఉన్న కొడుకు మాత్రం వాళ్ల భాషలో ఆమెతో గట్టిగా వాదించాడు. భాష తెలియకపోయినా దేని గురించో నాకు అర్థమైంది. 1992లో ప్రభుత్వం పీపుల్స్ వార్‌ను నిషేధించిన తరువాతి రోజులవి. పాకాల అడవి అంచున, రాత్రిపూట, ముక్కూ మొహం తెలియని యువకునికి చోటిస్తే తెల్లవారి పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. వచ్చినవాడు పోలీసుల మనిషని ఎవరైనా అనుకుంటే మరొకరికి జవాబు చెప్పుకోవాలి. ఆ కొడుకు భయపడడంలో తప్పేమీ లేదు, అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ముసలమ్మ ఒక్క మాటేదో అన్నది. అతను ఊరుకున్నాడు. కాసేపటికి దండెం మీది తన పొడి అంగీ తీసి అతనే నా చేతికిచ్చాడు.

గుడిసె మధ్యలో నెగడు రాజేశారు. పిల్లలు జరిగి నాకు చోటిచ్చారు. జొన్నరొట్టె, మిరపకారం పెట్టింది. అంతకుముందూ ఆ తరువాతా అంత రుచిగల భోజనం చేసినట్లు గుర్తు లేదు. తిన్న తరువాత నేను క్రైస్తవుణ్ణనీ, గురువును కావడానికి చదువుతున్నాననీ చెప్పాను. ఆమె తల ఊపి, తడిసిన పుస్తకాలను నెగడు పక్కన ఒక్కొక్కటిగా తెరిచి పెట్టింది. అందరూ ‘యాడీ’ అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. అసలు పేరు అడగాలని నాకు తోచలేదు. ఇతర పదార్థాలన్నింటిలోకీ ‘సంబంధం’ అనేదే బలహీనమైనదని అరిస్టాటిల్ అన్నాడని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాత్రి నాకూ ఆమెకూ ఉన్న సంబంధం వాన ఒక్కటే. గుడిసె మొత్తం దాని మీదనే నిలబడింది.

తెల్లవారి ఆ కొడుకే పుల్లతో మట్టి గీకి, చైను ఎక్కించి, సైకిలు నెత్తిన పెట్టుకొని నన్ను వాగు దాటించాడు. ఇరవై రూపాయలు ఇవ్వబోతే నవ్వి నా జేబులోనే పెట్టాడు. అతని అంగీ మాత్రం నా ఒంటి మీదనే వచ్చేసింది.

అపోస్తలుల కార్యములు 28వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ గుడిసె కనబడుతుంది. పద్నాలుగు రాత్రులు తుపానులో కొట్టుకుపోయి, ఓడ బద్దలై, 276 మంది, కొందరు ఈదుతూ, కొందరు చెక్కలు పట్టుకొని, మాల్టా దీవి ఒడ్డుకు చేరతారు. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు, పునీత పౌలుగారున్నారు. దీవివాసులను లూకాగారు గ్రీకు భాష తెలియనివారికి వాడే మాటతోనే ప్రస్తావించారు. అయితే వారు చూపిన దయ సామాన్యమైనది కాదని ఒప్పుకున్నారు. వాన, చలి ఉన్నాయి గనుక వారు మంట వేశారు. అంతే కారణం. పౌలుగారి చేతికి పాము చుట్టుకున్నప్పుడు ఈయన హంతకుడై ఉంటాడనుకున్నారు, తరువాత దేవుడే అనుకున్నారు. రెండూ పొరపాటే. ఎవరో తేల్చుకోవడంలో రెండుసార్లు తప్పినవారు, మంట విషయంలో తప్పలేదు. పౌలుగారు అక్కడ మూడు నెలలు ఉండి రోగులను స్వస్థపరిచారని రాసిన లూకాగారు, అక్కడ ఆయన చేసిన ప్రసంగం ఒక్కటి కూడా రాయలేదు. ప్రసంగాలు చేసే నాబోటివాళ్లు దీనిని గమనించాలి. 2020లో క్రైస్తవుల ఐక్యతా ప్రార్థన వారానికి ఈ వాక్యాన్నే అంశంగా తీసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు మాల్టా వెళ్లినప్పుడూ ఇదే అంశం.

ఇక రెండో సగం. నేను గురువునై కొన్నేళ్లయింది. వేరే చోట, ఒక విచారణలో ఉన్నాను. 2006 వానాకాలం, రాత్రి తొమ్మిదిన్నర. గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారని కాపలా మనిషి వచ్చి చెప్పాడు. కిటికీలోంచి చూశాను. నలభై ఏళ్ల మనిషి, ముందూ వెనకా మూటలు కట్టిన సైకిలు, హ్యాండిలుకు ఏదో అట్ట బోర్డు. దేశమంతా సైకిలు మీద తిరుగుతున్నాడట, హిందీలో చెప్పాడట, ఈ ఒక్క రాత్రి వరండాలో పడుకుంటానన్నాడట. అంతకు నెలముందే మా గుడిలో కానుకల పెట్టె పగలగొట్టారు. కారణం లేకపోలేదు. “ఫాదరుగారు లేరని చెప్పు” అన్నాను.

కాపలా మనిషి నా ముఖం చూసి, వెళ్లి అలాగే చెప్పాడు. నేను దీపం ఆర్పాను. చీకట్లో కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆ మనిషి కోపగించుకోలేదు. గేటు కమాను కింద కాసేపు నిలబడ్డాడు. వాన తగ్గుతుందేమోనని చూశాడో, ఫాదరుగారు వస్తారేమోనని చూశాడో. తరువాత సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ఉదయం పూజకు వచ్చేవారి చెప్పుల గుర్తుల మధ్య, కమాను కింద చక్రం ఆగినచోట మట్టి ముద్ద గట్టిపడి ఉంది.

యాడీకి భయపడడానికి నాకంటే ఎన్నో రెట్లు కారణాలున్నాయి. నాకు గేటు ఉంది, కాపలా ఉంది, గోడ ఉంది. పైగా ఒక అబద్ధం ఉంది. నా కాపలా మనిషి చేత ఆడించిన అబద్ధం. అతనికి క్షమాపణ చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

2024 సెప్టెంబరు 1న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, ఖమ్మంలో మున్నేరు ఇళ్లను ముంచింది. దారిలో చిక్కుకున్నవారి ముఖాలు పత్రికలో చూశాక నేను ఇంట్లో ఉండలేకపోయాను. వాగులు తగ్గాక ఒక కొత్త అంగీ కొని, కారులో ఆ తండా వెతుక్కుంటూ వెళ్లాను. గుడిసె లేదు, స్లాబు ఇల్లుంది. యాడీ పోయి చాలా కాలమైంది. కొడుకు ఉన్నాడు, జుట్టు తెల్లబడింది. నేను కథంతా చెప్పాను. ఆయన ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక “ఆఁ, ఆఁ, సైకిలు” అన్నాడు. ఆయన కొడుకు, ఆ రాత్రి నెగడు దగ్గర జరిగి నాకు చోటిచ్చిన పిల్లల్లో ఒకడు, నవ్వాడు: “వానకు ఎవరో ఒకరు వస్తనే ఉంటరు గద సార్. మా నాయనమ్మ లెక్క వెట్టుకోలే.”

అంగీ తీసుకున్నారు. టీ ఇచ్చారు. అక్కడ కూడా రెండో సగం చెప్పలేకపోయాను.

ఆ సైకిలు మనిషి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నాడో నాకు తెలియదు. ఎవరో ఒకరు తడికె జరిపి ఉంటారనే నా ఆశ. మీ ఇంట ఈ వారం జపమాల చెప్పేటప్పుడు ఆయన కోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. పేరు తెలియదు. నేను అడగలేదు.