అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు

ఒరే చిన్నోడా,

నువ్వూ ఆ అబ్బాయీ పెళ్ళి చేసుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చల్లగా ఉండండి. అమరావతిలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిస్తూ బతికినవాణ్ణి. నరసరావుపేట దాకా ఎన్ని పందిళ్ళు వేశానో లెక్కలేదు. అందుకే పనివాళ్ళను కుదుర్చుకునే విషయంలో మీ పెదనాన్న మాట కాస్త వినండి.

దాచి బేరమాడొద్దు. "ఇద్దరం మగపిల్లలం, పెళ్ళి మాదే" అని ముందే చెప్పెయ్యండి. ఆ పైన అవతలివాడు అడిగే మొదటి ప్రశ్న గమనించండి. "ఎన్ని విస్తళ్ళు? పప్పుచారా, ముక్కలపులుసా?" అన్నాడా, వాడికి పని మీదే ధ్యాస, కుదుర్చుకోండి. "ఊళ్ళో గొడవలేం రావుగా?" అని నసిగాడా, దణ్ణం పెట్టి లేచి రండి. నవ్వుతూ రేటు పెంచేవాడు ఇంకో రకం. మామూలు పెళ్ళికి ఎంత తీసుకుంటాడో ముందు వేరేవాళ్ళ చేత అడిగించండి.

ఓనరు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ రోజు మీ మధ్య తిరిగేది వడ్డన కుర్రాళ్ళు, మేళగాళ్ళు. వాళ్ళకి ముందే చెప్పి తీసుకురమ్మనండి. పీటల దగ్గర ఎవడో "పెళ్ళికూతురేదండీ?" అని అరిస్తే అది మీ అమ్మ చెవిన పడుతుంది. మిమ్మల్ని అడక్కుండా ఫోటోలు ఎక్కడా పెట్టనని ఫోటోగ్రాఫర్ చేత రసీదు మీదే రాయించండి.

పురోహితుడు రానంటే బతిమాలొద్దు. 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరబ్బాయిలు ఉంగరాలు మార్చుకున్నప్పుడు వేడుక నడిపించింది వాళ్ళ స్నేహితురాలే. హల్దీ, మెహందీ, సంగీత్ ఏవీ తగ్గలేదు.

చట్టం సంగతీ తెలిసుండాలి. స్వలింగ సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ భయం 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. వేడుక చేసుకోవడం నేరం కాదు, పోలీసుల పేరు చెప్పి ఎవడన్నా బెదిరిస్తే జంకొద్దు. అయితే ఇలాంటి పెళ్ళికి చట్టంలో చోటివ్వడం పార్లమెంటు పనేనని 2023 అక్టోబరు 17న అదే కోర్టు తేల్చింది. ఆ కేసు వేసినవాళ్ళలో సుప్రియో, అభయ్ కూడా ఉన్నారు. కాబట్టి "డబ్బులివ్వండి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెచ్చిస్తా" అనే బ్రోకరుని గుమ్మం ఎక్కనివ్వొద్దు. ఆ డబ్బేదో వకీలుకిచ్చి ఇద్దరూ వీలునామాలు రాయించుకోండి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవండి, ఒకరికొకరు నామినీగా ఉండండి. దానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖే చెప్పింది.

చివరగా తారీఖు. మాఘమాసం ముహూర్తాల్లో మంచి వంటమేస్త్రి దొరకడు, దొరికినవాడితో సర్దుకోవాల్సొస్తుంది. పుష్యమాసంలో పెట్టుకోండి. అందరూ తీరుబడిగా ఉంటారు, నచ్చినవాళ్ళను ఏరుకోవచ్చు. శూన్యమాసమని మీ అమ్మ గొణిగితే ఫోన్ నాకివ్వు, నేను చెబుతా.