పదవికి పుట్టుక చాలునా?

తండ్రి పదవి కొడుక్కి దక్కడం న్యాయమేనా అన్న ప్రశ్నకు ఆదిలాబాద్ జిల్లా చరిత్రలో రెండు జవాబులు దొరుకుతాయి. ఒకటి రెవెన్యూ దస్త్రాలది, రెండోది దేవుడి గుడిది.

నిజాం కాలం నుంచి బోథ్ తాలూకా గ్రామాల్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ పదవులు వతన్ హక్కుగా తరతరాలు నడిచాయి. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు, పోలీస్ పటేల్ ఊరి భద్రత చూసేవాడు, పట్వారీ పహాణీ అనే భూముల దస్త్రం రాసేవాడు. చదువు రాని గోండు రైతు తాతల నాటి నుంచి దున్నుతున్న చేను పహాణీలో ఇంకొకరి పేరిట ఎక్కితే, ఆ సంగతి అతనికి తెలిసేసరికే భూమి చేజారేది. పుట్టుకతో వచ్చిన కలం మరొకరి బతుకును శాసించడం ఇక్కడి అసలు అన్యాయం.

ఈ విషయంలో చట్టం నిదానంగానే అయినా స్పష్టంగా మాట్లాడింది. గుంటూరు ప్రాంతపు గ్రామ మున్సబు పదవి గురించి గాజుల దశరథ రామారావు వేసిన కేసులో, వంశాన్ని బట్టి సర్కారు కొలువు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తేల్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులనే ఎత్తేసింది. బ్రిటన్‌లో కథ వేరుగా నడిచింది. అక్కడ తొలి డ్యూక్ బిరుదు 1337లో రాజు కొడుకు కోసం పుట్టింది. 1999 చట్టం వంశపారంపర్య ప్రభువుల్లో చాలామందికి ప్రభువుల సభలో కూర్చునే హక్కు తీసేసింది గానీ బిరుదుల జోలికి పోలేదు. పట్టాభిషేకం ఏర్పాట్లు చూసే పని మాత్రం నార్ఫోక్ డ్యూక్ వంశం చేతిలోనే ఉంది. అధికారం పోయినా ఒక కొలువు మిగలవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మిగిలింది ఇలాంటి కొలువే. ఏటా పుష్య అమావాస్యకు అక్కడ జరిగే నాగోబా అనే నాగదేవత జాతర గోండుల్లోని మెస్రం వంశానిది. గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగలు అనే వంశ సమూహాలు ఉన్నాయి. ఒకే సగ వాళ్లు పెళ్లి చేసుకోరు. మెస్రం వాళ్లు ఏడు దేవతల సగకు చెందినవారు. పటేల్ వంశానికి పెద్ద, కటోడ పూజారి, ప్రధాన్ వంశ చరిత్ర పాడేవాడు. ఈ మూడూ పుట్టుకతో వచ్చేవే. జన్నారం దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి జలాన్ని ఝరి అనే ఇత్తడి పాత్రలో కాలినడకన తెచ్చేదీ మెస్రం వాళ్లే. జాతరకు కావలసిన కుండలు సిరికొండలోని గుగ్గిల్ల కుమ్మరి కుటుంబం తయారుచేస్తుంది. అదీ వంశపారంపర్యమే, అయినా దానికి బిరుదేమీ లేదు.

ఈ వంశంలో చేరడానికి రక్తం ఒక్కటే దారి కాదు. వేరే సగ నుంచి వచ్చిన కోడళ్లు భేటింగ్ అనే తంతులో తెల్ల బట్టలు కట్టుకుని, ముసుగు వేసుకుని నాగోబా ముందు నిలబడతారు. ఆ పరిచయం జరిగాకే వంశపు పూజల్లో వారికి చోటు దక్కుతుంది. దేవుడు ఒప్పుకున్న సంబంధం పుట్టుకతో సమానమవుతోందన్నమాట. పైగా పటేల్ ఒక్కడే ఏదీ చేయలేడు. అతని పెద్దరికం ఎక్కడి నుంచి వచ్చిందో కిక్రి వాద్యం వాయిస్తూ చెప్పే ప్రధాన్ వేరే జాతి మనిషి. ఈ పదవుల వల్ల ఎవరి భూమీ పోదు. అందుకే పట్వారీ వతన్‌ను, కటోడ పూజను ఒకే గాటన కట్టడం సరికాదు.

అయినా ఇక్కడ తేలని చిక్కు ఒకటుంది. వంశ జ్ఞాపకమంతా మోసిన ప్రధాన్‌ను గోండులు తమకంటే తక్కువగా చూసినట్టు 1940లలో ఇక్కడ పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాశాడు. పాడే హక్కుతోపాటు ఆ చిన్నచూపు కూడా కొడుక్కి వారసత్వంగా వచ్చేది. ఇష్టపడి చేసే సేవ, తప్పక చేసే సేవ బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. ప్రధాన్ కుర్రవాడు టీచరు ఉద్యోగం ఎంచుకుంటే అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అతని తండ్రి దగ్గరి కథలను వేరే ఇంటివాళ్లు అందుకోవడానికి ఆచారం ఒప్పుకోదు. కోడలిని భేటింగ్‌తో తనలో కలుపుకున్న సంప్రదాయం ప్రధాన్ పాటకు అలాంటి దారి ఇంకా ఏర్పరచలేదు.