ఒక మూల చల్లగా

జబ్బుపడ్డ కోడిపిల్లకు మందు కన్నా ముందు వెచ్చదనం కావాలి. నూగు పోయి ఈకలు వచ్చేదాకా ఒంటి వేడిని అది సొంతంగా నిలుపుకోలేదు. మొదటి వారం దాదాపు 35 డిగ్రీలు ఉండాలి, ఆపై వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావచ్చు. రెక్కలు వాల్చి, కళ్లు మూసి, మూలన ముడుచుకున్న పిల్లకు చలే సగం జబ్బు. తిన్న నాలుగు నూకల బలం ఒళ్లు కాచుకోవడానికే చెల్లిపోతే, రోగాన్ని తట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

మా ఇంట్లో అట్టపెట్టెలో ఊక పరిచి, పాత ఫిలమెంట్ బల్బు వేలాడదీస్తాం. ఎల్‌ఈడీ బల్బుతో వెలుగే తప్ప కాక రాదు. ఆ బల్బును పెట్టె నడుమ కట్టకూడదు, ఒక మూలకే కట్టాలి. రెండో మూల చల్లగా ఉండాలి. చలేస్తే పిల్ల బల్బు కిందికి జరుగుతుంది, ఉక్కపోస్తే పక్కకు పోతుంది. ఎంత వేడి చాలో దాని ఒంటికే తెలుసు.

సేవ గురించి నాకు తెలిసినదంతా ఆ చల్లటి మూలలోనే ఉంది. ఒంట్లో బాగోలేని మనిషి దగ్గర మనం ముందుగా లాక్కునేది ‘వద్దు’ అనే హక్కుని. జ్వరం పిల్లాడికి ఇంకో దుప్పటి కప్పుతాం, మంచం పట్టిన తాతకు ఇంకో ముద్ద కుక్కుతాం. ప్రేమతోనే చేస్తాం. వాళ్లు తల తిప్పుకుంటే అదీ జబ్బే అనుకుంటాం.

కోడిపిల్లకు నీళ్లు తాగించడమూ అంతే. నోరు తెరిచి పోస్తే ఊపిరిగొట్టంలోకి పోతాయి. రోగం వదిలేసిన పిల్లను మన ఆత్రం చంపేస్తుంది. “పొయ్యమాక. ముక్కు చివర తడి తగిలించు, అదే తాగుద్ది” అనేది మా అమ్మమ్మ. చుక్క అందించేదాకే మన వంతు, మింగడం దాని వంతు.

తోటి పిల్లల నుంచి దాన్ని వేరు చేయక తప్పదు. కొక్కెర తెగులైతే గుంపంతటికీ అంటుకుంటుంది. నీరసించిన దాన్ని మిగతావి పొడుస్తాయి కూడా. అయితే ఒంటరిదైన పిల్ల ఆగకుండా అరిచి, ఉన్న కాస్త సత్తువనూ పోగొట్టుకుంటుంది. అందుకని పెట్టెను తల్లి గొంతు వినిపించే చోట ఉంచుతాం.

ఇంత చేసినా పోయేవి పోతాయి. కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు, ముందే వేయించిన టీకాయే రక్ష. బతికించడం మన చేతిలో లేనప్పుడు కూడా తోడుండడం మన చేతిలోనే ఉంటుంది. ఆ తోడుకు విలువ కట్టేది ఫలితం కాదని నా నమ్మకం. అందుకే ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు ‘నీకేం కావాలి’ అని అడుగుతాను. ‘ఏమీ వద్దు, కాసేపు కూర్చో’ అంటే కూర్చుంటాను.