పాత పడవ, కొత్త మోటారు

ఇంట మూలబడియున్న పాత కొయ్యపడవ బొమ్మకు విద్యుత్తు మోటారు నమర్చి నీటిపై నడపుట మేలా, అంగడిలో సిద్ధముగా దొరకు పడవను కొని పిల్లవాని చేతికిచ్చుట మేలా యను ప్రశ్న చూచుటకు స్వల్పము. ధర లెక్కించి తేల్చవచ్చునని యనేకులు తలంతురు. అట్లు లెక్కించినచో చాలసార్లు కొనుటయే చౌక. మోటారు, ఇరుసు, ప్రొపెల్లరు, బ్యాటరీ, స్విచ్చి వేరువేరుగా కొన్నచో అంగడిబొమ్మ వెలను మించుట యరుదు కాదు. అయినను ఈ విషయమును ధరతో ముగించుటకు మేమిష్టపడము.

పాత పడవను మార్చువాడు మొదట దాని నెరుగవలెను. తెరచాపతో నడచుటకై చేసిన పడవ కడుపులో బరువెచ్చట నుండవలెనో చేసినవాడు నిర్ణయించి యుండును. మోటారును, బ్యాటరీని చోటు దొరకిన చోటనెల్ల నుంచినచో నది యొక ప్రక్కకొరగును. లేదా ముక్కు ముంచును. కావున కొయ్యకు రంధ్రము చేయకమున్నే అంత బరువుగల గులకరాళ్లను లోన నుంచి గంగాళములో తేల్చి చూడవలెను. ఇరుసు పోవు గొట్టములో గ్రీజు నింపనిచో నీరు లోనికెక్కును. బ్యాటరీ తీగెలు తారుమారైనచో పడవ వెనుకకు నడచును. పిల్లవాడు నవ్వును, ఆ నవ్వుతో నేర్చిన పాఠము వాడు మరువడు. కొన్న బొమ్మ యాగిన దినమున పెంటపై పడును. ఈ పడవ యాగినచో లోపమెచ్చటనో వానికి తెలియును. అయితే తండ్రియే సర్వమును చేసి, పిల్లవానిని ప్రక్కన నిలువబెట్టి చూపినచో, అదియు నొక కొన్న బొమ్మయే; వెల మాత్రము హెచ్చు.

మోటారు పెట్టిన పిదప అది ఆ పాత పడవయేనా? ఏథెన్సు పౌరులు థీసియసు నౌకను కాపాడుచు, చివికిన పలకను తీసి కొత్తపలకను వేయుచు వచ్చిరనియు, అది ఆ నౌకయేనా కాదా యని తత్త్వవేత్తలు వాదించుకొనిరనియు ప్లూటార్కు వ్రాసెను. మిళిందరాజుతో నాగసేనుడు చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు అని వాదించినదియు ఇట్టిదే. ఇంతదూర మేల? మా నల్లగొండ జిల్లాకు ఎదుటి యొడ్డున నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు త్రవ్వి వెలికిదీసిన కట్టడములలో కొన్నింటిని, సాగరపు నీటిలో మునుగకుండ కొండపైకి తరలించి మరల నిలిపిరి. నేడు పడవనెక్కి పోయి వానిని చూతుము. చోటు మారెను గదా యని యెవరును వానిని త్రోసిపుచ్చలేదు.

కాని ఆ నౌకలో మారినది పలక. మన పడవలో మారినది నడిపించు శక్తి. ఇది మరింత పెద్ద మార్పు. దీనికి మా ప్రాంతమున బొమ్మకంటె బరువైన నిదర్శనము కలదు.

పోచంపల్లి చీర నేయుటకు ముందు, అద్దకమునకై పేకనూలును ఆసుపై పోయవలెను. ఒక కొనయందొక మేకు. ఎదుట అర్ధచంద్రాకారముగా మేకుల వరుస. వాని నడుమ నూలును చేతితో అటునిటు నడపవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు, నాలుగైదు గంటల పని. ఈ పని యింటి స్త్రీలది. భుజముల నొప్పియు వారిదే. ఆలేరు సమీపమునగల శారాజీపేట వాసి చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి బాధను చూచి, బడి చదువు నడుమనే మానినవాడైనను, 1992లో పూనుకొని 1999 నాటికి ఆసుయంత్రమును సాధించెను. తల్లి పేరే దానికి పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2011లో పేటెంటును, 2017లో పద్మశ్రీయు లభించినవి.

ఆయనకు కొనుటకు సిద్ధముగా నట్టి యంత్రమే లేదు. సిద్ధముగా దొరకునది మరియొకటి కలదు: పోచంపల్లి నమూనాను అచ్చువేసిన మిల్లు గుడ్డ. మోటారు వచ్చినను ఆసు ఆసుగానే నిలిచినది. నూలుపై కట్లు కట్టుట, రంగులో ముంచుట, మగ్గముపై నేయుట చేతివియే. అచ్చుగుడ్డలో ఇవి యేవియు లేవు. పని తెలిసినవాడు గుడ్డను తిరుగవేసి చూచును. నేసినదానికి రెండు ప్రక్కలును ఒక్కటే. అచ్చువేసినది తరచుగా వెనుక వెలవెలబోవును.

చేతిపనికి మోటారు తగిలించినచో పవిత్రత చెడునని విచారించు పెద్దలు పట్టణములలో కలరు. వారి భుజములు నొవ్వవు. పరుల నొప్పిని సంప్రదాయమని కొనియాడుట మాకు సమ్మతము కాదు. గద్వాలలోను, నారాయణపేటలోను నేతగాండ్ర పిల్లలు మగ్గము విడిచి పోవుచుండగా, మార్పును నిషేధించి కాపాడునది యేమి?

అయినను మోటారు పెట్టినంతనే పని తీరదు. గంటన్నరలో ఒక చీర నూలు పూర్తియైనచో మిగిలిన మూడు గంటలు ఎవరివి? కొన్ని యిండ్లలో ఆ యిల్లాలు పిల్లల ప్రక్కన కూర్చుండును. కొన్ని యిండ్లలో అదే దినమున మరి రెండు చీరల నూలు ఆమె ముందరికి వచ్చును. కూలిడబ్బులు మాత్రము భర్త జేబులోనికి పోవును. యంత్రమును చేసినవాడు ఆ రెండింటిలో నొకదానిని నిర్ణయింపలేడు. అది ఆ యింటివారు, దీపము పెట్టినవేళ, ఆమె యెదుట మాటలాడుకొని తేల్చుకొనవలసినది.