అవ్వ విశ్వాసము మన ఆస్తియా?



భక్తిగల ఒక అవ్వ ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన ఆరాధనలో ఆమె సుగుణములను చెప్పుకొనుట తగునా? మహిమ దేవునికే చెల్లవలసియుండగా మనుష్యులను పొగడనేల అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా ఎంచుట లేదు. శవపేటిక యొద్ద అబద్ధములాడుట బహు సులభము. బ్రదికియున్న దినములలో ఆమె మంచమును వసారా మూలను వేసి, పలుకరించుటకైనను తీరిక లేనివారు, చనిపోయిన పిమ్మట అప్పుచేసి విందుపెట్టి, ఆమెను పరిశుద్ధురాలని కొనియాడిన యెడల అది ఎవరికి ఘనత?

అయినను వాక్యము ఇట్టి జ్ఞాపకమును నిషేధింపలేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన బట్టలను పేతురుకు చూపిరి (అపొ. కార్యములు 9:39). వారు పెద్ద మాటలు పలికినట్లు వ్రాయబడలేదు. ఆమె చేతిపనిని చూపిరి. సత్యమైన సాక్ష్యము అట్టిదే. వారి కన్నీటిని పేతురు గద్దించినట్లును లేదు. లాజరును లేపనైయున్న ప్రభువే కన్నీరు విడిచెను గనుక, ఏడ్చుట అవిశ్వాసమని దుఃఖించువారిని ఎవరును గద్దింపకుందురు గాక.

మన గ్రామసంఘములలోని అవ్వలయందు చూపదగినవేవి? వారిలో అనేకులకు అక్షరము రాదు. అయినను కీర్తనలను చెవితో విని కంఠస్థము చేసి, మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొని నేర్పిరి. ఎసటిలో బియ్యము పోయకమునుపు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసిరి. ఇంటిలో గింజలు తక్కువైన దినములలోను వేసిరి. ఇవి పొగడ్తలు కావు, ఊరంతయు ఎరిగిన సంగతులు. వీటిని చెప్పినప్పుడు, ఆమెకు అట్టి కృప ననుగ్రహించిన దేవుడే మహిమపరచబడును.

కాని ఇక్కడ ఒక అపాయమున్నది. మా నాయనమ్మ గొప్ప ప్రార్థనాపరురాలు అని చెప్పుకొనుటతోనే తృప్తిపడు ఇండ్లు కలవు. ఆమె పోయిన పిమ్మట ఆ కుండ బోర్లింపబడినది. సాయంకాల ప్రార్థన ఆగిపోయినది. పొలమైన యెడల వారసులకు వ్రాసియిచ్చి పోవచ్చును. విశ్వాసము అట్లు చేతులు మారదు.

పౌలు తిమోతికి వ్రాయుచు, అతని అవ్వయైన లోయిని పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనెను. ఆమె ఆస్తి యెంతో, సమాధి యెక్కడో వ్రాయలేదు; ఆమెలోని కపటము లేని విశ్వాసమునే చెప్పెను. అంతటితో ఊరకుండక, మరు వచనముననే, తిమోతి తనలోనున్న దేవుని వరమును నిప్పువలె రగుల్చుకొనవలెనని హెచ్చరించెను (2 తిమోతి 1:5, 6). నిప్పు రగుల్చుట మన అవ్వలకు బాగుగా తెలిసిన పనియే. రాత్రివేళ పొయ్యిలోని నిప్పుమీద నివురు కప్పి దాచి, తెల్లవారుజామున పిడక పెట్టి ఊదెడివారు. నిప్పు ఆమె దాచినదే. అయినను ఉదయమున ఊదువారు లేనియెడల బూడిద మాత్రమే మిగులును.

కాబట్టి ప్రియులారా, మీ అవ్వను మంటిలో ఉంచి తిరిగి వచ్చిన దినముననే మీలో ఒకరు ఆ కుండను తిరిగి నిలువబెట్టుడి. ఒకరు ఆమె కూర్చుండిన చోట కూర్చుండి ప్రార్థన నడిపింపుడి. అదియే ఆమెకు తగిన ఘనత. పునరుత్థాన దినమున మనము ఆమె విశ్వాసమును చెప్పుకొనుచు గాక, మన విశ్వాసముతోనే ఆమె ప్రక్కను నిలుచునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.