మదుము తాళం

గోవాడలో సహకార చక్కెర కర్మాగారం ఇంకా రాని రోజుల మాట. విశాఖ జిల్లా చోడవరం చుట్టుపక్కల చెరకంతా గానుగలకే వెళ్లేది. అక్కడి ఒక ఊళ్లో బెల్లం షావుకారు ఉండేవాడు. రైతుల చెరకు కొని, పాకం వండించి, దిమ్మలు అనకాపల్లి పంపేవాడు. తూకంలో మోసం లేదు, మాటలో తేడా లేదు. అందుకే ఊరివాళ్లు చెరువు పెత్తనం ఆయనకే అప్పగించారు.

“సొంత వ్యాపారం ఇంత బాగా నడిపినవాడు ఊరి చెరువు నడపలేడా?” అన్నారు పెద్దలు.

మొదటి ఏడు ఆ మాట నిజమే అయింది. గండి పడ్డ గట్టుకు రాయి బేరమాడి చవగ్గా తెప్పించాడు. పూడిక తీయించాడు. కూలి డబ్బులు ఏ రోజువి ఆ రోజే చేతిలో పెట్టాడు.

రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. ఉన్న నీళ్లు సగం ఆయకట్టుకే సరిపోతాయి. ముందు చెరకుకు, తర్వాతే వరికి అని షావుకారు తేల్చాడు. కారణమూ చెప్పాడు. చెరకు ఎండితే ఏడాది పెట్టుబడి మట్టిపాలవుతుంది, వరి పోతే అపరాలైనా చల్లుకోవచ్చు. లెక్క తప్పని ఎవరూ అనలేకపోయారు. అయినా శివారు రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చిట్టచివరి మడి ఒక ముసలమ్మది. ఆమె మదుము దగ్గరికే వచ్చి నిలదీసింది.

“బాబూ, ఈ లెక్క ఊరి కోసం ఏసినావా, నీ గానుగ కోసం ఏసినావా?”

“ఊరి కోసమే మామ్మా.”

“నీకు గానుగ లేకపోయినా ఇదే లెక్క ఏసుందువా?”

షావుకారుకు జవాబు రాలేదు. ఆ రాత్రి ఎంత తరచి చూసుకున్నా, ఆ నిర్ణయంలో ఊరి మేలెంతో, తన లాభమెంతో విడదీయలేకపోయాడు.

తెల్లవారి రచ్చబండ దగ్గర ఊరిని పిలిచి చిట్టా విప్పాడు. తనకెంత చెరకు ఉందో, ఏ రైతుకు ఎంత అప్పిచ్చాడో, ఎన్ని దిమ్మలకు ముందే బేరం కుదుర్చుకున్నాడో దాచకుండా చదివాడు. “ఇన్ని ఉండగా నీళ్ల వంతు నేను తేల్చకూడదు” అని మదుము తాళం శివారు రైతుల చేతిలో పెట్టాడు.

వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. చెరకుకే ముందు అన్నారు, వారానికి ఒక రాత్రి వరికి తడి ఇవ్వాలన్నారు, షావుకారు పొలానికి ఆఖరి వంతు అన్నారు. ఇంచుమించు ఆయన వేసిన లెక్కే. ఈసారి మాత్రం ఎవరూ గొణగలేదు.

నీతి: పెత్తనం చేసేవాడు నిజాయితీపరుడైతే చాలదు. తన లాభం ముడిపడిన చోట తీర్పు చెప్పకుండా తప్పుకోవాలి, ఆ లాభం ఏమిటో నలుగురికీ చెప్పాలి.

డబ్బున్నవాడు పదవికి పనికిరాడని ఈ కథ అనదు. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్ ఇనుము వ్యాపార కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్లు ఆ వ్యాపారమే చూశాడు. తండ్రి చనిపోయాక 1908లో ఆయన స్థానం నుంచే పార్లమెంటుకు వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధం దేశాన్ని అప్పుల్లో ముంచింది, ఇనుము వ్యాపారులకు లాభాలు తెచ్చింది. అప్పటికి బాల్డ్విన్ ఖజానా శాఖలో మంత్రి. 1919 జూన్‌లో పేరు దాచుకుని టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. తన ఆస్తి సుమారు 5,80,000 పౌండ్లు అని, అందులో ఐదో వంతు, అంటే దాదాపు 1,20,000 పౌండ్లతో యుద్ధ రుణపత్రాలు కొని, రద్దు చేయమని ప్రభుత్వానికి ఇచ్చేస్తున్నానని తెలిపాడు. కలిగినవాళ్లంతా ముందుకు రావాలని కోరాడు. తర్వాత ఆయన మూడుసార్లు ప్రధాని అయ్యాడు. ఆ పిలుపు అందుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఒక మంచివాడి మనస్సాక్షి దేశానికి కట్టుబాటు కాలేదు. అందుకే చట్టాలు, నియమాలు కావాలి. సభ్యుల ఆర్థిక ప్రయోజనాలు నమోదు చేసే పుస్తకాన్ని బ్రిటన్ దిగువ సభ 1974లో ఏర్పాటు చేసుకుంది. మన దేశంలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఏ సెక్షన్ ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుపుతున్నవాడిని చట్టసభకు అనర్హుడంటుంది. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అభ్యర్థులు తమ ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణపత్రంలో చెప్పాల్సి వచ్చింది.

ఆ పత్రాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఓటు వేసే ముందు చదవండి. గడప తొక్కిన అభ్యర్థిని అతని వ్యాపారం ఏమిటో, పదవిలో ఉండగా దాన్ని ఎలా దూరం పెడతాడో అడగండి. సూటిగా చెప్పలేనివాడికి మీ ఓటు ఇవ్వకండి.